చిన్న టెలివిజన్ నెట్‌వర్కులు ఎందుకు నిలవలేకపోతున్నాయి

శ్రోతలకు నమస్కారం.

మన విశాఖపట్నంలో కొత్త టెలివిజన్ ఛానల్ వస్తోందంటే జగదాంబ కూడలిలోనూ ఆశీల్‌మెట్టలోనూ హోర్డింగులు వెలుస్తాయి, ప్రెస్ మీట్లలో కొత్త లోగోతో మైకు ఒకటి కనిపిస్తుంది, అప్పుడే చదువు ముగించుకున్న పిల్లలు యాంకర్లుగా, కెమెరామన్లుగా చేరతారు. రెండు మూడేళ్లు గడిచేసరికి వార్తల మధ్య ప్రకటనలు పలచబడతాయి, ఒకే కార్యక్రమం రోజుకు మూడు నాలుగు సార్లు వేస్తుంటారు, సిబ్బందికి జీతాలు నెల దాటిపోతాయి. ఆ తరువాత ఒకనాడు ఆ నంబరు నొక్కితే తెర ఖాళీగా ఉంటుంది. వాళ్ల కార్యక్రమాల్లో పస లేదు, అందుకే పోయింది అని అందరూ అనేస్తారు. ఈ తీర్పు నాకు ఎప్పుడూ న్యాయంగా తోచలేదు. చిన్న నెట్‌వర్కు పతనానికి కార్యక్రమాల లోపం చాలా సందర్భాల్లో చివరి కారణం, ఒక్కోసారి అసలు కారణమే కాదు. కార్యక్రమం ప్రేక్షకుడి ఇంటికి చేరే దారి ఎవరి చేతిలో ఉంది, ఆ దారికి సుంకం ఎవరు కడుతున్నారు అన్నదే ఛానల్ ఆయుష్షును నిర్ణయిస్తోందని నా అభిప్రాయం.

ముందు ఖర్చు సంగతి చూద్దాం. ఉపగ్రహ ఛానల్ నడపాలంటే కార్యక్రమాలను నేల మీద నుంచి ఉపగ్రహానికి పంపే ఏర్పాటు కావాలి, ఉపగ్రహంలో కొంత సామర్థ్యాన్ని అద్దెకు తీసుకోవాలి, స్టూడియో, కంట్రోల్ రూము, ఎడిటింగు, ఇరవై నాలుగు గంటలూ షిఫ్టుల వారీగా పనిచేసే సిబ్బంది ఉండాలి. కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మొదటి వార్తా ఛానల్‌కు అనుమతి కోరే సంస్థ నికర విలువ 20 కోట్ల రూపాయలు, వార్తేతర ఛానల్ అయితే 5 కోట్ల రూపాయలు ఉండాలన్నారు. ఇది గడప మాత్రమే, లోపలి ఖర్చు వేరు. ఈ ఖర్చుల్లో చాలా భాగానికి ప్రేక్షకుల సంఖ్యతో నిమిత్తం లేదు. మన ఫిషింగ్ హార్బరు నుంచి వేటకు వెళ్లే మరబోటుకు వల నిండినా నిండకపోయినా డీజిలు అంతే కాలుతుంది. ఛానల్ లెక్క కూడా అటువంటిదే. కోటి మంది చూసినా లక్ష మంది చూసినా ఉపగ్రహం అద్దె ఒక్కటే కాబట్టి, చిన్న ఛానల్‌కు ఒక్కో ప్రేక్షకుడి మీద పడే భారం పెద్ద ఛానల్‌తో పోలిస్తే నూరు రెట్లు అవుతుంది.

రాబడి వచ్చేది రెండు వైపుల నుంచి. ఒకటి చందా, రెండోది ప్రకటన. అడిగి మరీ డబ్బు కట్టి చూసేంత పేరు రానిదే చందా రాదు గనుక, చిన్న ఛానల్ ఉచితంగా ప్రసారమై ప్రకటనల మీదనే బతకాలి. ప్రకటన సమయాన్ని పది సెకన్ల లెక్కన అమ్ముతారు, ఆ ధరను రేటింగు నిర్ణయిస్తుంది. మన దేశంలో 2015 నుంచి బార్క్ సంస్థ ఈ రేటింగులు ఇస్తోంది. దేశమంతటా కొన్ని వేల ఇళ్లలో పెట్టిన మీటర్ల ఆధారంగా కోట్లాది కుటుంబాల అభిరుచిని అంచనా వేస్తారు. పెద్ద ఛానల్ విషయంలో ఈ అంచనా బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే దాన్ని చూసే మీటరు ఇళ్లు చాలా ఉంటాయి. చిన్న ఛానల్‌ను చూసే మీటరు ఇళ్లు ఏ పదో పాతికో ఉన్నప్పుడు, సంక్రాంతికి అందులో రెండు కుటుంబాలు సొంత ఊరికి వెళితే ఆ వారం రేటింగు ఒక్కసారిగా పడిపోతుంది. ప్రేక్షకులు నిజంగా తగ్గారా, లెక్క మాత్రమే తగ్గిందా అన్నది తేల్చుకునే తీరిక ముంబయిలోనో బెంగళూరులోనో కూర్చుని డబ్బు పంచే ప్రకటనల ఏజెన్సీకి ఉండదు. మొదటి నాలుగైదు స్థానాల్లో ఉన్న ఛానళ్లకు బడ్జెట్ కేటాయించి ఫైలు మూసేస్తారు.

మరి ద్వారకా నగర్‌లోని బట్టల దుకాణం, గాజువాకలోని కోచింగ్ సెంటరు ప్రకటన ఇవ్వవచ్చు కదా అంటారు. ఇస్తారు, కానీ వారికి కావలసింది విశాఖ ప్రేక్షకులు. రాష్ట్రమంతటికీ వెళ్లే ఉపగ్రహ ఛానల్‌కు ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం తమ కొట్టుకు ఎన్నడూ రాని వారి కోసం ఖర్చవుతుందని వ్యాపారికి తెలుసు. అందుకని కేబుల్ ఆపరేటరు నడిపే లోకల్ ఛానల్లో స్క్రోలింగు వేయించుకుంటాడు, లేదంటే ఫోనులో ప్రకటన ఇచ్చుకుంటాడు. పెద్ద కంపెనీకి చిన్న ఛానల్ మరీ చిన్నది, చిన్న వ్యాపారికి మరీ పెద్దది.

ఇక అసలు విషయమైన దారి దగ్గరకు వస్తాను. డిజిటల్ విధానం రాకముందు కేబుల్ రోజుల్లో ఒక కేబులు మోయగలిగిన ఛానళ్ల సంఖ్యకు హద్దు ఉండేది, పాత టీవీ పెట్టెల్లో అందులోనూ కొన్ని బ్యాండ్లు మాత్రమే స్పష్టంగా వచ్చేవి. ఆ మంచి బ్యాండ్లలో చోటు కోసం ఛానళ్లు కేబుల్ సంస్థలకు ఎదురు డబ్బు చెల్లించడం మొదలైంది. దానినే క్యారేజ్ ఫీజు అన్నారు. సరుకు తయారు చేసినవాడే కొట్టువాడికి అద్దె కట్టి, ఆ సరుకును ఊరికే పంచిపెట్టవలసిన పరిస్థితి ఇది. డిజిటల్ విధానం వస్తే చోటు కొరత తీరుతుందని, ఈ బాధ పోతుందని అప్పట్లో గట్టిగా చెప్పారు. 2013లో రెండో దశ కింద హైదరాబాదుతో పాటు విశాఖపట్నానికీ సెట్‌టాప్ బాక్సులు వచ్చాయి. చోటు పెరిగింది, ఫీజు మాత్రం పోలేదు. టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో తెచ్చిన నిబంధనలు దీనికి ఒక గరిష్ఠ పరిమితి పెట్టాయి. మామూలు ఛానల్‌కు చందాదారు ఒక్కరికి నెలకు 20 పైసలు. 2024లో నిబంధనలు మారేదాకా, ఛానల్‌ను తీసుకునేవారి శాతం పెరిగేకొద్దీ ఈ రేటు తగ్గి, నూటికి ఇరవై మంది తీసుకున్న ఛానల్ ఏమీ కట్టనవసరం లేకుండా పోయేది. ఉద్దేశం మంచిదే కావచ్చు. ఫలితంలో మాత్రం జనంలో పాతుకుపోయిన ఛానల్‌కు దారి ఉచితమైంది, జనానికి ఇంకా పరిచయం కావలసిన ఛానల్‌కు సుంకం పడింది. ఆ 20 పైసల లెక్కన పది లక్షల కనెక్షన్లున్న ఒక్క కేబుల్ సంస్థకు నెలకు రెండు లక్షలంటే మాట చిన్నదిగానే వినిపిస్తుంది, కానీ కేబుల్ సంస్థలు అనేకం, ఆపైన డీటీహెచ్ కంపెనీలు ఉన్నాయి. బాక్సు ఆన్ చేయగానే మొదట కనిపించే ఛానల్‌గా ఉండటానికి పెట్టే ఖర్చు వేరు. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్‌లో చోటు కావాలన్నా వేలంపాటలో కోట్ల రూపాయలు పాడాలి.

ఇది మన దగ్గర మాత్రమే పుట్టిన చిక్కు కాదు. అమెరికాలో 1946లో మొదలై 1956లో ముగిసిన డ్యూమాంట్ నెట్‌వర్కు చరిత్ర చదివితే, మన కేబుల్ గదుల్లో జరిగినదే అక్కడ యాభై అరవై ఏళ్ల ముందే జరిగిందని అర్థమవుతుంది. ఆ నెట్‌వర్కును స్థాపించిన అలెన్ డ్యూమాంట్ ఇంజినీరు. టీవీ పెట్టెకు ప్రాణమైన క్యాథోడ్ రే గొట్టాన్ని ఎక్కువ కాలం మన్నేలా మెరుగుపరిచి, 1938లోనే టీవీ సెట్లను అమ్మకానికి పెట్టిన మనిషి. ఆయన పోటీదారులైన ఎన్‌బీసీ, సీబీఎస్, ఏబీసీలకు అప్పటికే రేడియో నెట్‌వర్కులు ఉన్నాయి. రేడియోలో పేరు పొందిన తారలను, అలవాటైన ప్రకటనకర్తలను, ఊరూరా ఉన్న అనుబంధ స్టేషన్లను వారు టీవీకి తెచ్చుకున్నారు, టీవీలో వచ్చిన నష్టాన్ని రేడియో లాభంతో పూడ్చుకున్నారు. డ్యూమాంట్‌కు ఆ ఆసరా లేదు. దానికితోడు 1948లో అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, సిగ్నళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయన్న కారణంతో కొత్త స్టేషన్ల లైసెన్సులను నిలిపివేసింది. కొద్ది నెలల్లో తేలుతుందనుకున్న ఆ నిలుపుదల 1952 దాకా సాగింది. ఆ కాలంలో చాలా నగరాల్లో ఒకటో రెండో స్టేషన్లే ఉండేవి, అవి సహజంగానే ఎన్‌బీసీతోనో సీబీఎస్‌తోనో పొత్తు పెట్టుకున్నాయి. నగరాల మధ్య కార్యక్రమాలను మోసుకెళ్లే తీగలు ఏటీ అండ్ టీ కంపెనీవి, వాటి మీద చోటూ పరిమితమే.

నిలుపుదల ఎత్తివేశాక ఇచ్చిన కొత్త చానెళ్లలో ఎక్కువ భాగం యూహెచ్ఎఫ్ అనే అధిక పౌనఃపున్యాల్లో ఉన్నాయి, జనం ఇళ్లలోని టీవీ సెట్లు వాటిని పట్టలేవు. ప్రతి కొత్త సెట్టూ వాటిని పట్టాలన్న చట్టం 1962లో వచ్చి, 1964లో అమలైంది. అప్పటికి డ్యూమాంట్ మూతపడి ఎనిమిదేళ్లు. మరొక దెబ్బ సొంత భాగస్వామి వల్ల తగిలింది. ఒక సంస్థకు ఐదు స్టేషన్లకు మించి ఉండకూడదన్న నియమం అప్పట్లో ఉండేది. డ్యూమాంట్‌లో వాటా ఉన్న సినిమా సంస్థ పారమౌంట్‌కు విడిగా రెండు స్టేషన్లు ఉండటంతో, వాటినీ డ్యూమాంట్ లెక్కలోనే వేశారు. న్యూయార్క్, వాషింగ్టన్, పిట్స్‌బర్గ్‌లలోని మూడింటితోనే ఆ సంస్థ ఆగిపోయింది. పిట్స్‌బర్గ్‌లో చాలాకాలం వేరే స్టేషన్ లేకపోవడం వల్ల, అక్కడ చోటు కోసం మిగిలిన నెట్‌వర్కులే డ్యూమాంట్‌ను అడగవలసి వచ్చేది. చేతిలో ఉన్న ఆ ఒక్క బలాన్నీ నగదు కొరతతో సుమారు 97 లక్షల 50 వేల డాలర్లకు వెస్టింగ్‌హౌస్ అనే కంపెనీకి అమ్ముకున్నారు. ఇందులో కార్యక్రమాల తప్పు ఎక్కడుంది? జాకీ గ్లీసన్ అనే గొప్ప హాస్యనటుడు టీవీలో పేరు తెచ్చుకున్నది డ్యూమాంట్‌లోనే. పేరు రాగానే 1952లో సీబీఎస్ ఎక్కువ డబ్బిచ్చి తీసుకుపోయింది. చిన్న నెట్‌వర్కు ప్రతిభను కనిపెడుతుంది, పెద్ద నెట్‌వర్కు దాన్ని కొనుక్కుంటుంది. మన తెలుగు యాంకర్లు, విలేకరుల విషయంలోనూ ఈ క్రమం తప్పదు.

డ్యూమాంట్‌కు చివర మిగిలిన న్యూయార్క్, వాషింగ్టన్ స్టేషన్లు చేతులు మారి మెట్రోమీడియా అనే సంస్థలో భాగమయ్యాయి. 1986లో మీడియా వ్యాపారి రూపర్ట్ మర్డోక్ మెట్రోమీడియా స్టేషన్లను కొని, వాటి పునాది మీద ఫాక్స్ నెట్‌వర్కును నిలబెట్టాడు. ముప్పై ఏళ్ల కిందట నిలవని నాలుగో నెట్‌వర్కు ఈసారి నిలిచింది. ఆ మధ్య కాలంలో కేబుల్ విస్తరించి, యూహెచ్ఎఫ్ స్టేషను కూడా మిగతావాటితో సమానంగా ఇళ్లకు చేరుతోంది. ఏళ్ల తరబడి నష్టం భరించగల డబ్బూ ఉంది. 1993లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ ప్రసార హక్కులను నాలుగేళ్లకు సుమారు 158 కోట్ల డాలర్లకు కొన్న తరువాత, సీబీఎస్ వైపున్న స్టేషన్లు కొన్ని ఫాక్స్ వైపు మారాయి. దారి దొరికింది కాబట్టి కార్యక్రమం నిలిచింది. అదే దేశంలో 1995 జనవరిలో పుట్టిన యూపీఎన్, డబ్ల్యూబీ నెట్‌వర్కులు రెండూ పదకొండేళ్లు పెనుగులాడి, 2006లో మూతపడి ఒకే నెట్‌వర్కుగా కలిసిపోయాయి.

మన దేశంలో 2008 జనవరిలో ఎన్డీటీవీ ఇమాజిన్, అదే ఏడాది జూలైలో కలర్స్ హిందీలో మొదలయ్యాయి. కలర్స్ ఏడాది తిరగకముందే మొదటి స్థానానికి ఎగబాకింది, ఇమాజిన్ 2012లో మూతపడింది. తెలుగులో 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి, 2002లో మా టీవీ వచ్చింది. మా టీవీ విఫలమైన ఛానల్ కాదు, తెలుగిళ్లలో గట్టిగా నిలబడిన ఛానల్. అయినా 2015లో స్టార్ సంస్థ దాని ప్రసార వ్యాపారాన్ని కొనుగోలు చేసింది, 2024 నవంబరులో స్టార్, కలర్స్‌ను నడిపే వయాకామ్ 18 కలిసి ఒక్కటయ్యాయి. ఇంత పెద్ద సంస్థ సినిమా, సీరియల్, క్రికెట్ ఛానళ్లన్నిటినీ ఒక ప్యాకేజీగా కట్టి కేబుల్ ఆపరేటరు ముందు పెడితే, అతడు కాదనలేడు. ఒంటరి ఛానల్ యజమాని అదే ఆపరేటరు గుమ్మం ముందు చెక్కు పట్టుకుని నిలబడాలి.

ఈ నష్టాన్ని యజమానుల వ్యాపార నష్టంగా మాత్రమే చూడటానికి నా మనసు ఒప్పదు. మూతపడబోయే ఛానల్లో మొదట దెబ్బ తగిలేది మండలాల్లో పనిచేసే స్ట్రింగర్లకు. వార్త పంపినందుకు రావలసిన కొద్దిపాటి డబ్బు ఆగిపోతుంది, పైగా దసరాకు, నాయకుల పుట్టినరోజులకు ఇన్ని ప్రకటనలు తేవాలన్న టార్గెట్లు వారి నెత్తిన పడతాయి. ఏ నాయకుడి దగ్గర ప్రకటన అడిగాడో ఆ నాయకుడి మీద వార్త రాయడం మనిషికి సాధ్యమా? ఛానల్ ప్రాణం పోకముందే దాని గొంతు పోయేది ఇక్కడే. ఇక ప్రేక్షకుల వైపు చూస్తే, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, అరకు ప్రాంతాల మాట తెలుగు తెర మీద ఎంత వినిపిస్తోంది? స్టూడియోల్లో ఎక్కువ భాగం హైదరాబాదులో ఉండగా, ఉత్తరాంధ్ర యాస తరచుగా హాస్యపాత్రల నోటనే వినిపిస్తోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన తీరాన్ని తాకినప్పుడు జనానికి కావలసింది ఏ వీధిలో కరెంటు వచ్చింది, ఏ దారి తెరుచుకుంది, పాలు ఎక్కడ దొరుకుతాయి అన్న సమాచారం. రాష్ట్రమంతటి కోసం చేసే బులెటిన్‌లో అటువంటి వార్తకు చోటు ఉండదు.

ఇప్పుడు చాలామంది యువకులు ఉపగ్రహం మాట వదిలేసి యూట్యూబ్‌లో ఛానళ్లు పెడుతున్నారు. ఉపగ్రహం అద్దె లేదు, క్యారేజ్ ఫీజు లేదు, ఒక కెమెరా, ఒక కంప్యూటరు చాలు. ఈ మార్పును నేను స్వాగతిస్తాను. అయితే అక్కడ మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల రాబడిలో 45 శాతం వేదికకు, 55 శాతం ఛానల్‌కు చెందుతుంది, ఏ వీడియో ఎవరికి కనిపించాలో వేదికే నిర్ణయిస్తుంది. దారి ఇంకా పరాయి చేతిలోనే ఉంది.

దూరదర్శన్ ఛానళ్లలో కొన్నిటిని ప్రతి కేబుల్ ఆపరేటరూ తప్పనిసరిగా ఇవ్వాలని 1995 నాటి కేబుల్ చట్టం ఎనిమిదో సెక్షనులో ఉంది. ప్రజలకు అవసరమైన ప్రసారాన్ని బేరానికి వదిలిపెట్టకూడదన్న సూత్రాన్ని మన చట్టం అప్పుడే అంగీకరించిందన్నమాట. అదే సూత్రాన్ని కొంచెం విస్తరించి, ఒక ప్రాంతపు వార్తలకే అంకితమైన స్వతంత్ర ఛానల్‌కు ఆ ప్రాంతంలోని కేబుల్ వ్యవస్థల్లో మొదటి మూడు నాలుగేళ్లు క్యారేజ్ ఫీజు లేకుండా, అందరికీ కనిపించే నంబరు మీద చోటు ఇవ్వాలని నేను కోరుతున్నాను. ఇందుకు పార్లమెంటులో చట్ట సవరణ దాకా వెళ్లనవసరం లేకపోవచ్చు, ట్రాయ్ తన నిబంధనల్లో ఆ గరిష్ఠ పరిమితిని ఇటువంటి ఛానళ్ల వరకు సున్నా చేయవచ్చు. కొత్త నిబంధనల ముసాయిదాలపై ట్రాయ్ ప్రజల అభిప్రాయాలు అడుగుతూనే ఉంటుంది. ఈసారి అడిగినప్పుడు విశాఖ నుంచి కూడా ఉత్తరాలు వెళ్లాలి.

సెలవు. నమస్కారం.