రంగులు వేరు, డీఎన్ఏ దాదాపు ఒకటే: కంది కథ

నమస్తే అండీ. స్క్రీన్ మీద గింజలు చూడండి. ఎర్ర కంది, తెల్ల కంది, నల్లది, మచ్చలది. చేలోకి వెళ్తే నాలుగు నెలలకే కోతకొచ్చే రకం ఒకటి, ఆరు నెలలైనా ఇంకా పూత మీదే ఉండేది ఇంకొకటి. ఇన్ని తేడాలు కంటికే కనిపిస్తుంటే, రకాల మధ్య తేడా తేల్చడానికి డీఎన్ఏ పరీక్ష దేనికి అంటారా? గింజ రంగును తేల్చేది ఏవో కొద్ది జన్యువులండీ. అవి మారితే చాలు, మిగతాదంతా ఒకటే అయినా రంగు మారిపోతుంది. పైగా మొక్క ఎత్తు, కాపు నేలను బట్టి, వానను బట్టి కూడా మారతాయి. డీఎన్ఏ అలా మారదు.

సరే, ల్యాబులో ఏం చేస్తారు? లేత ఆకు కోస్తారు. ముదురాకు తీసుకుంటే అందులోని పాలీఫినాల్స్ అనే రసాయనాల వల్ల ద్రావణం గోధుమరంగుకి తిరిగి, తర్వాత పీసీఆర్, అంటే డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పని, మొరాయిస్తుంది. తీసిన డీఎన్ఏలో రకాల మధ్య తేడా చూపే గుర్తులు, అంటే మార్కర్లు వెతుకుతారు. వాటిలో ఒక రకం ఎస్ఎస్ఆర్ మార్కర్లు. అంటే సీఏ, సీఏ, సీఏ అంటూ ఒకే ముక్క పదే పదే వచ్చే చోట్లు. ఒక రకంలో అది 12 సార్లు వస్తే ఇంకో రకంలో 17 సార్లు రావచ్చు. తేడా 10 అక్షరాలే. డీఎన్ఏ ముక్కల్ని పొడవును బట్టి విడదీయడానికి జెల్ వాడతారు. మామూలు అగరోజ్ జెల్ మీద ఇంత చిన్న తేడా సరిగ్గా విడిపోదు. అక్రిలమైడ్ జెల్ గానీ, క్యాపిల్లరీ యంత్రం గానీ కావాలి.

ఇప్పుడు చిన్న లెక్క. పది రకాలు పరీక్షించాం. ఒక మార్కర్‌లో తొమ్మిదింటికి ఒకే బ్యాండ్, అంటే జెల్ మీద ఒకే చోట గీత, పదోదానికి వేరే బ్యాండ్. పదింటిలో తొమ్మిది అంటే 0.9, ఒకటి అంటే 0.1. 0.9 వర్గం 0.81, 0.1 వర్గం 0.01. రెండూ కలిపి ఒకటిలోంచి తీసేస్తే 0.18. ఆ మార్కర్‌లో వైవిధ్యం అంతన్నమాట. అదే ఐదు, ఐదుగా చీలితే 0.5. ఇలా మార్కర్ మార్కర్‌కీ లెక్కేసి సగటు తీస్తే ఆ పంటలో వైవిధ్యం ఎంతో తెలుస్తుంది.

కందిలో ఆ సగటు తక్కువ. 2006లో డార్ట్ అనే ఇంకో రకం డీఎన్ఏ మార్కర్లతో చేసిన అధ్యయనంలో సాగు రకాల మధ్య తేడాలు చాలా కొద్దిగా కనిపించాయి, వైవిధ్యం చాలావరకు అడవి జాతుల దగ్గరే ఉంది. మన పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నాయకత్వంలో 2011లో కంది జన్యుపటం, అంటే దాని డీఎన్ఏ అక్షరాల వరుస, వచ్చింది. అందుకు ఎంచుకున్నది 'ఆశ' రకం. 48,680 జన్యువులు ఉండొచ్చని అంచనా కట్టారు. ఆ తర్వాత మార్కర్లకు కరువు తీరింది గానీ, సాగు కందిలో లేని వైవిధ్యాన్ని మార్కర్లు తెచ్చిపెట్టలేవు కదా!

అందుకే అడవి కంది వైపు చూడాలి. మన తూర్పు కనుమల్లో దొరికే కజానస్ కజానిఫోలియస్‌నే సాగు కందికి మూలమంటారు. హైబ్రిడ్ కందికి కావాల్సిన మగ వంధ్యత్వం, అంటే పువ్వులో పనికొచ్చే పుప్పొడి పుట్టకపోవడం, దాన్నుంచే వచ్చింది. మధ్యప్రదేశ్‌లో 2010లో విడుదలైన ఐసీపీహెచ్ 2671 అనే హైబ్రిడ్ కంది అలా పుట్టిందే. ఇంకో బంధువు, కజానస్ స్కారబియోయిడిస్, శనగపచ్చ పురుగును తట్టుకుంటుంది. మన రైతు కంది కాయ దశలో మందు కొట్టేది ఎక్కువగా ఆ పురుగుకే కదండీ!

ఇలాంటి పరిశోధన పత్రాల్లో చివర, ఏ రకం దేనికి దగ్గరో కొమ్మలుగా చూపే ఒక చెట్టు బొమ్మ ఉంటుంది, డెండ్రోగ్రామ్ అంటారు. దాన్ని చూసి మురిసిపోకండి. ఏ అంకెలిచ్చినా సాఫ్ట్‌వేర్ చెట్టు గీసేస్తుంది! ఆ కొమ్మను ఎంతవరకు నమ్మొచ్చో చెప్పే బూట్‌స్ట్రాప్ అంకె ఎంతుందో చూడండి. రెండు రకాలు దూరపు కొమ్మల్లో ఉన్నంత మాత్రాన వాటిని సంకరం చేస్తే దిగుబడి పెరుగుతుందనీ లేదు. ఎక్కువ మార్కర్లకు దిగుబడితో సంబంధమే ఉండదు.

ఇంకోటి, నాకు మరీ చిరాకు తెప్పించేది. కందిలో తేనెటీగల వల్ల పర పరాగ సంపర్కం జరుగుతుంది, అంటే ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్క పువ్వుకి చేరుతుంది. కాబట్టి నాటు రకం ఒకే రకం కాదు, ఒక మిశ్రమం. అయినా రకానికి ఒక్క మొక్క ఆకు కోసి, ఆ రకం లెక్క తేలిపోయింది అనేస్తారు. పత్రం చేతికొస్తే నేను మొదట చూసేది అదే: రకానికి ఎన్ని మొక్కలు తీసుకున్నారు?