మంగళవారం మధ్యాహ్నం మీ కుక్క ఏం చేస్తుంటుంది?

(దృశ్యం: వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్. కింద నలుపు తెలుపు కుక్క. దాని చూపంతా మాట్లాడుతున్న మనిషి చేతి మీదే.)

నమస్కారమండీ. ఇక్కడ కూర్చుని నా చేతివంకే చూస్తున్నదే, దీని పేరు స్కౌట్. బోర్డర్ కోలీ. నాలుగేళ్లు ఉంటాయని పళ్లు చూసి వెట్, అంటే జంతువుల డాక్టర్, చెప్పిన లెక్క. అసలు పుట్టినరోజు ఎవరికీ తెలియదు.

స్కౌట్ మా ఇంటికి రాకముందు ఇంకో రెస్క్యూ వాళ్లు, అంటే దిక్కులేని కుక్కల్ని చేరదీసి దత్తతకిచ్చేవాళ్లు, మా అప్లికేషన్‌ని వద్దన్నారు. డాలస్ శివార్లలో సొంతిల్లు, ఇద్దరికీ ఉద్యోగాలు, వెనక పెద్ద బ్యాక్‌యార్డ్. దిక్కులేని కుక్కకి ఇల్లిస్తామంటే కాదంటారా అని నాకు తల కొట్టేసినట్టయింది. మొన్న ఆ పాత ఫారం తీసి మళ్లీ చదివాను. నేనైనా మాకు కుక్కని ఇచ్చేవాణ్ణి కాదు. అందులో తప్పేముందో, రెండోసారి ఏం రాశామో ఈ వీడియోలో చెప్తాను. అమెరికాలో ఉంటూ ఇలాంటి కుక్కని దత్తత తీసుకోవాలనుకునే మనవాళ్ల కోసం ఇది.

(దృశ్యం: పచ్చటి కొండవాలు. గొర్రెల చుట్టూ ఒంగి, నక్కి నడుస్తున్న కుక్క.)

ముందు ఈ జాతి సంగతి. మన ఊళ్లలో మంద వెంట వచ్చే కుక్క పని ఎక్కువగా కాపలా. తోడేలు రాకుండా, దొంగ రాకుండా చూస్తుంది. గొర్రెల్ని మళ్లించేది కాపరి కేక, చేతికర్ర. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో ఆ మళ్లించే పని కూడా కుక్కకే అప్పగించారు. 1893లో నార్తంబర్లండ్‌లో ఆడమ్ టెల్ఫర్ అనే ఆయన దగ్గర ఓల్డ్ హెంప్ అనే కుక్క పుట్టింది. మొరిగి తరమకుండా, ఒంటిని నేలకి దించి, చూపుతోనే గొర్రెల్ని కదిలించేదట. ఈనాటి బోర్డర్ కోలీలు చాలావరకు దాని సంతానమే.

ఆ చూపు ఇప్పటికీ పోలేదు. గొర్రెలు లేకపోతే సైకిళ్లు, కార్లు, గోడ మీద నీడలు, పరుగెత్తే పిల్లలు. మీ అబ్బాయి పుట్టినరోజుకి పదిమంది పిల్లలు బ్యాక్‌యార్డ్‌లో పరుగులు పెట్టారనుకోండి, కుక్క వాళ్లందరినీ ఓ మూలకి చేర్చే పని పెట్టుకుంటుంది. మాట వినని వాడి పిక్క దగ్గర చిన్నగా నోరు వేస్తుంది. హీలర్లలో, అంటే ఆస్ట్రేలియన్ క్యాటిల్ డాగ్స్‌లో, ఈ అలవాటు ఇంకా ఎక్కువ. దానికది పౌరుషం కాదు, డ్యూటీ. పిల్లవాడి తల్లికి మాత్రం అది కుక్క కరవడమే. ఫారంలో పిల్లల వయసులు అడిగేది అందుకే. కొన్ని కుక్కల విషయంలో చిన్నపిల్లలున్న ఇంటికి ఇవ్వమని ముందే రాసేస్తారు.

తెలివి గురించి కూడా ఓ మాట. సౌత్ కరోలినాలో జాన్ పిల్లీ అనే రిటైర్డ్ సైకాలజీ ప్రొఫెసర్ తన బోర్డర్ కోలీ చేజర్‌కి 1,022 వస్తువుల పేర్లు నేర్పారు. 2011లో అది పరిశోధన పత్రంగా వచ్చింది. ఇది విని చాలామంది "అబ్బ, అలాంటి కుక్క కావాలి" అంటారు. ఆయన మూడేళ్లపాటు, రోజుకి నాలుగైదు గంటలు దానితో కూర్చున్నారన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

(దృశ్యం: ఒక ఇంటి హాలు. మంచం లాంటి దిండు మీద మూడు కుక్కలు.)

బ్రీడ్ రెస్క్యూ, అంటే ఒక జాతి కుక్కల్నే చూసుకునే రెస్క్యూ, అనగానే బోర్డు పెట్టుకున్న ఆఫీసో, వరసగా బోన్లున్న షెల్టరో అనుకునేరు. చాలావాటికి బిల్డింగే ఉండదు. కొందరు వాలంటీర్లు, వాళ్ల ఇళ్లు, అంతే. ఓనర్లు పెంచలేక వదిలేసినవి, షెల్టర్లలో రోజులు లెక్కపెట్టుకుంటున్నవి తెచ్చి, ఫోస్టర్ ఇళ్లలో, అంటే దత్తత కుదిరేదాకా తాత్కాలికంగా చూసుకునేవాళ్ల ఇళ్లలో, వారాలపాటు, ఒక్కోసారి నెలలపాటు ఉంచుకుంటారు. వదిలేసినవాటిలో ఏడాది, రెండేళ్ల వయసువే ఎక్కువ కనిపిస్తాయి. ముద్దుగా ఉన్న పిల్ల సోఫా చీల్చే వయసుకి వచ్చేసరికి ఇంట్లోవాళ్ల ఓపిక అయిపోతుంది.

కాబట్టి వాళ్ల భయం ఒక్కటే. ఒకసారి ఇల్లు పోగొట్టుకున్న కుక్క రెండోసారి తిరిగి రాకూడదు. ఫారంలో ప్రతి ప్రశ్న వెనకా ఉన్నది అదే.

మొదటిసారి వ్యాయామం గురించి అడిగితే నేను ఒకే వాక్యం రాశాను: "పెద్ద బ్యాక్‌యార్డ్ ఉంది, రోజూ వాకింగ్‌కి తీసుకెళ్తాం." ఇందులో అబద్ధం ఏమీ లేదు, పనికొచ్చేదీ ఏమీ లేదు. బ్యాక్‌యార్డ్‌లో ఒంటరిగా వదిలిన బోర్డర్ కోలీ వ్యాయామం చేయదు. ఫెన్స్ వెంబడి అటూ ఇటూ పరుగెత్తి, పక్కింటి కారు శబ్దానికల్లా మొరిగి, గడ్డిలో బాట పడేదాకా అదే ఉద్యోగంగా పెట్టుకుంటుంది.

రెండో రెస్క్యూలో ఫోన్ చేసినావిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "మీ ఇంట్లో మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో చెప్పండి." శనివారం అడగలేదు చూడండి. శనివారం అందరం మంచి యజమానులమే.

అప్పటికి మేము కూర్చుని నిజంగా లెక్క వేసుకున్నాం. పొద్దున 6:15కి నేను ముప్పావుగంట నడిపిస్తాను. మా ఆవిడ వారంలో మూడు రోజులు ఇంటినుంచే పని చేస్తుంది. మంగళ, గురువారాలు ఇద్దరం ఆఫీసులో ఉంటాం కాబట్టి మధ్యాహ్నం డబ్బిచ్చి డాగ్ వాకర్‌ని పెట్టుకుంటాం. సాయంత్రం బంతి విసరడం పది నిమిషాలే. ఎంత విసిరితే అంత రెచ్చిపోతుంది, అలసిపోదు. మిగతా సమయం బిస్కెట్లు దాచి వెతికించడం, పిలవగానే రావడం లాంటివి నేర్పడం. ఇదంతా రాసి, కింద "జూలై, ఆగస్టు ఎండల్లో సాయంత్రం నడక కుదరదు, ఇంట్లోనే ఆడిస్తాం" అని కూడా రాశాం. ఆవిడకి నచ్చింది ఆ చివరి వాక్యమేనట.

ఫెన్స్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎత్తెంత, గేటుకి గొళ్లెం ఉందా, కింద సందులున్నాయా అని అడుగుతారు. ఫొటోలు పంపండి. మెడపట్టీతో షాక్ ఇచ్చే కనిపించని ఫెన్స్‌ని చాలా రెస్క్యూలు ఒప్పుకోవు. అద్దె ఇల్లయితే ఓనర్ అనుమతి కాగితం కావాలి.

వెట్ రిఫరెన్స్ అడిగినప్పుడు మనలో చాలామందికి టెన్షన్. జీవితంలో మొదటి కుక్క, వెట్ ఎక్కణ్ణుంచి వస్తాడు? దాచొద్దు. "ఇదే మొదటి కుక్క" అని రాసి, దగ్గర్లోని క్లినిక్‌కి ముందే ఫోన్ చేసి, ఆ పేరు ఇవ్వండి. మేము ఒక ఫ్రెండ్ ఇండియా వెళ్లినప్పుడు వాళ్ల కుక్కని మూడు వారాలు చూశాం, ఆ ఫ్రెండ్ నంబర్ ఇచ్చాం. అక్కడా ఓ చిక్కొచ్చింది. మనవాళ్లు తెలియని నంబర్ ఎత్తరు కదా! నాలుగు రోజులు ఆలస్యం.

(దృశ్యం: సూట్‌కేసులు, పాస్‌పోర్టులు.)

ఇక మనకి మాత్రమే వచ్చే ప్రశ్నలు. ఇండియాకి నెల రోజులు వెళ్తే కుక్క ఎక్కడ ఉంటుంది? మీ అమ్మానాన్నలు వచ్చి ఆర్నెల్లు ఉంటే, వాళ్లకి కుక్కంటే భయమా? వీసా పరిస్థితి మారి దేశం వదలాల్సి వస్తే?

ఈ మూడోది వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. ఇండియాకి తీసుకెళ్లాలంటే మైక్రోచిప్, రేబిస్ టీకా, హెల్త్ సర్టిఫికెట్, అక్కడి జంతు క్వారంటైన్ విభాగం ఇచ్చే ఎన్ఓసీ అన్నీ చూసుకోవాలి. మళ్లీ అమెరికా తేవాలంటే ఇంకో తతంగం. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కలో ఇండియా రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశం, 2024 ఆగస్టు 1 నుంచి రూల్స్ ఇంకా బిగించారు. పైగా మే నెల హైదరాబాద్ ఎండలో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో, ఒంటినిండా రెండు పొరల బొచ్చున్న కోలీ. ఆలోచించండి. తీసుకెళ్లలేకపోతే తిరిగి రెస్క్యూకే ఇవ్వాలి. మీ ఇష్టమొచ్చినవాళ్లకి ఇవ్వకూడదని అగ్రిమెంట్‌లోనే ఉంటుంది. మేము "వీసా పోతే మీకే ఫోన్ చేస్తాం" అని సూటిగా రాశాం. దానివల్ల మా మీద నమ్మకం పెరిగిందే తప్ప తగ్గలేదు.

మా ఇల్లు చూడడానికి, అంటే హోమ్ విజిట్‌కి, రెస్క్యూ నుంచి వచ్చినావిడ దుమ్మూ ధూళీ చూడలేదు. ఇల్లు తుడిచి తుడిచి మా ఆవిడ నడుం పట్టేసింది, అది వేరే విషయం. వచ్చినావిడ చూసింది వంటిల్లు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకి విషం. ఎండుద్రాక్ష కూడా. అంటే మన ఉప్మా, కూర, పాయసం మూడూ అవుట్. మా అమ్మ వీడియో కాల్‌లో "పోనీ ఒక్క ముద్ద పెడితే ఏమవుతుందిరా" అంది. ఆ మాట ఆవిడకి అనువదించలేదు. ఇంకోటి కుక్కర్. శబ్దాలకి బెదిరే గుణం ఈ జాతిలో చాలా కుక్కలకి ఉంటుంది. మూడు విజిల్స్ వచ్చేసరికి మంచం కిందికి దూరే కుక్క అయితే మన ఇంట్లో దానికి రోజూ దీపావళే. "కుక్కని మేము తీసుకునేముందు ఫోస్టర్ ఇంట్లో ఓసారి కుక్కర్ పెట్టి చూడండి" అని అడిగితే ఆవిడ నవ్వి సరేనంది.

మీరూ వాళ్లని అడగాల్సినవి ఉన్నాయి. హార్ట్‌వర్మ్ టెస్ట్ చేశారా? గుండెలో పురుగులు చేరే జబ్బు, దోమల వల్ల వస్తుంది, టెక్సాస్‌లో మామూలే. కొన్ని మందుల్ని కుక్క ఒళ్లు తట్టుకునేలా చేసే ఎండీఆర్1 జన్యువు టెస్ట్ చేశారా? ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో దాదాపు సగానికి ఆ లోపం ఉంటుంది, బోర్డర్ కోలీల్లో తక్కువ. ఆ లోపం ఉన్న కుక్కకి పురుగుల మందు ఐవర్‌మెక్టిన్ ఎక్కువ మోతాదు పడితే ప్రాణం మీదికి వస్తుంది. అడాప్షన్ ఫీజు కొన్ని వందల డాలర్లు. టీకాలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, చిప్ ఖర్చు కలిపితే వాళ్లకి మిగిలేదేం లేదు, అక్కడ బేరం ఆడకండి.

అప్లికేషన్ పంపాక వారాలు గడిచినా జవాబు రాకపోవచ్చు. అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు ఈ పని చేసేవాళ్లే. రెండు వారాలు ఆగి, ఒక్క మెయిల్ పెట్టండి.

మేము అడిగింది ఏడాది వయసున్న, ఒక నీలం కన్ను కుక్కని. అది వేరేవాళ్లకి వెళ్లిపోయింది. "మా మంగళవారానికి సరిపడేది ఇంకేదైనా ఉందా?" అని రాశాం. మర్నాడు ఒక ఫొటో వచ్చింది. ఒక చెవి నిటారుగా, ఒక చెవి వాలిపోయి, మూతి మీద మచ్చ. అంతకుముందు వాళ్ల జాబితాలో ఈ ఫొటోని నేను కనీసం ఐదుసార్లు దాటేసి ఉంటాను.

(దృశ్యం: ఫోస్టర్ ఇంట్లో తీసిన ఆ ఫొటో. వెనక పొయ్యి మీద కుక్కర్.)