రంగు పూసిన ముఖం, హెల్మెట్ వెనుక ముఖం

నమస్కారం. 2006 జనవరిలో అమెరికాలో కార్ల పందేలు నడిపే ఇండీ రేసింగ్ లీగ్ తన పోటీలను జనంలోకి తీసుకువెళ్లే పనిని సైమన్స్ ఏబ్రమ్‌సన్ మార్కెటింగ్ అనే సంస్థకు అప్పగించింది. ఆ సంస్థ భాగస్వాముల్లో ఒకరు జీన్ సైమన్స్. ముఖమంతా తెల్లరంగు పూసుకుని, కళ్ల చుట్టూ నల్లని రెక్కలు దిద్దుకుని, వేదిక మీద నిప్పు ఊదుతూ, నెత్తురు లాంటి ద్రవాన్ని కక్కుతూ, పొడవైన నాలుక చాచి బేస్ గిటార్ వాయించే కిస్ అనే రాక్ సంగీత బృందం మనిషి ఆయనే. కార్ల పందేలకూ ఆయనకూ ఏం సంబంధమని అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం ఆ ఎంపిక వింతగా అనిపించదు. ఆ లీగ్‌కు పట్టిన జబ్బేమిటో సైమన్స్ సరిగానే కనిపెట్టారని నా నమ్మకం. అయితే ఆయనకు తెలిసిన మందు ఆ ఒంటికి పనిచేసేది కాదు. ఎందుకు పనిచేయలేదో చెప్పాలంటే ముందు ఆయన ఏ సరుకు అమ్మి అంతటివాడయ్యారో చూడాలి.

సైమన్స్ 1949లో ఇజ్రాయెల్‌లోని హైఫాలో పుట్టారు. ఆయన తల్లి నాజీల నిర్బంధ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడిన మనిషి. ఎనిమిదేళ్ల వయసులో ఆమెతో కలిసి అమెరికా చేరిన ఆ పిల్లవాడు పెద్దయ్యాక కొద్దికాలం బడిపంతులుగా పనిచేసి, 1973లో న్యూయార్క్‌లో పాల్ స్టాన్లీతో కలిసి కిస్ బృందాన్ని నిలబెట్టారు. నలుగురు సభ్యులు, నాలుగు వేషాలు. ఒకరు రాక్షసుడు, ఒకరు నక్షత్రబాలుడు, ఒకరు అంతరిక్షవాసి, ఒకరు పిల్లి. ఆ వేషాల మీద వ్యాపారం ఎంత దూరం పోయిందంటే, 1977లో మార్వెల్ సంస్థ వారి మీద కామిక్ పుస్తకం వేసినప్పుడు ఎర్ర సిరాలో నలుగురి రక్తమూ కలిపారు. బొమ్మలు, పిన్‌బాల్ యంత్రాలు, భోజనం డబ్బాలు సరే, 2001లో కిస్ పేరుతో శవపేటిక కూడా అమ్మకానికి వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి నన్ను ఎప్పటినుంచో ఆకట్టుకుంటోంది. కిస్ ఆర్మీ అనే వారి అభిమాన సంఘం న్యూయార్క్‌లో పుట్టలేదు. 1975లో ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హోట్ అనే చిన్న ఊరిలో, కిస్ పాటలు వేయని స్థానిక రేడియో కేంద్రం మీద పట్టుబట్టిన కుర్రాళ్లు దాన్ని మొదలుపెట్టారు. అభిమాన సంఘాల ఉత్సాహం ఎలా ఉంటుందో మన సినిమా హాళ్ల దగ్గర చూసినవారికి నేను వివరించనక్కరలేదు. అదే టెర్రె హోట్‌లో బేకింగ్ పౌడర్ వ్యాపారంతో ఎదిగిన టోనీ హల్మన్ 1945లో, యుద్ధకాలంలో గడ్డి మొలిచి పాడుబడిన ఇండియానాపోలిస్ మోటర్ స్పీడ్‌వేను కొని బతికించారు. ఆయన మనవడు టోనీ జార్జ్ స్థాపించిన లీగే, కిస్ ఆర్మీ పుట్టిన ముప్పై ఏళ్ల తరువాత, సైమన్స్ తలుపు తట్టింది.

ఇప్పుడు ఆ లీగ్ దగ్గరికి వద్దాం. 1909లో కట్టిన ఇండియానాపోలిస్ ట్రాక్ చుట్టుకొలత 2.5 మైళ్లు. అక్కడ 1911 నుంచి జరుగుతున్న 500 మైళ్ల పందెంలో 33 కార్లు 200 ల్యాప్‌లు తిరుగుతాయి. అమెరికాలో మే నెలాఖరు అంటే ఆ పందెమే. కానీ మిగతా ఏడాదంతా జరిగే పోటీల అజమాయిషీ జట్ల యజమానులే నడిపే కార్ట్ అనే సంస్థ చేతిలో ఉండేది. ఖర్చులు పెరిగిపోతున్నాయని, మట్టి ట్రాక్‌ల మీద ఎదిగిన అమెరికన్ కుర్రాళ్లకు అవకాశాలు దొరకడం లేదని టోనీ జార్జ్ వాదించారు. ఆ వాదనలో నిజం లేకపోలేదు. పందేల కోసమే చిన్నతనంలో కాలిఫోర్నియా నుంచి ఇండియానాకు తీసుకువచ్చిన జెఫ్ గోర్డన్, ఇండీ కార్లలో చోటు దొరక్క, రోడ్డు మీది కార్ల రూపంలో ఉండే స్టాక్ కార్ల పందేలు నడిపే నాస్కార్‌కు వెళ్లిపోయి అక్కడ మహా తార అయ్యాడు. 1994లో నాస్కార్ తొలిసారి ఇండియానాపోలిస్ ట్రాక్ మీద పందెం పెట్టినప్పుడు గెలిచింది ఆ గోర్డనే.

దాంతో జార్జ్ 1996లో సొంత లీగ్ ప్రారంభించి, ఆ ఏడాది 500 మైళ్ల పందెంలో 33 స్థానాలకు 25 స్థానాలను తన లీగ్‌లో పాయింట్లు సాధించినవారికే కేటాయించారు. కార్ట్ జట్లు ఆ పందేన్ని వదిలేసి, అదే రోజున మిషిగన్‌లో పోటీగా మరో పందెం పెట్టుకున్నాయి. ఒకే ఇంటి ముంగిట రెండు పెళ్లి పందిళ్లు వేసినట్లయింది. అంతకన్నా ఘోరం పేరు విషయంలో జరిగింది. ‘ఇండీకార్’ అనే మాట ఎవరిదన్న తగాదా కోర్టుకెక్కి, చివరికి కుదిరిన ఒప్పందం ప్రకారం కార్ట్ ఆ పేరును వదులుకోవాలి, లీగేమో 2002 సీజన్ ముగిసేదాకా దాన్ని వాడకూడదు. అంటే దశాబ్దాలపాటు ప్రేక్షకుల నోళ్లలో నానిన ఒక పేరు ఏళ్ల తరబడి ఎవరికీ కాకుండా పోయింది. ఏ వ్యాపారంలోనైనా ఇంతకు మించిన నష్టం ఉంటుందని నేను అనుకోను. ఆ లోగా నాస్కార్ దేశమంతా పాకింది. 2003 ముగిసేనాటికి కార్ట్ దివాలా తీసింది. దాని పోటీలను కొందరు జట్టు యజమానులు కొని చాంప్ కార్ అనే పేరుతో నడిపించారు. పెద్ద జట్లు చాలావరకు జార్జ్ పక్షానికి వచ్చేశాయి, ప్రేక్షకులు మాత్రం రాలేదు.

ఆ స్థితిలో 2005 మే నెలలో ఒక వెలుగు కనిపించింది. 23 ఏళ్ల డానికా ప్యాట్రిక్ తన మొదటి ఇండియానాపోలిస్ పందెంలోనే 19 ల్యాప్‌లు ముందు నిలిచి, నాలుగో స్థానంలో ముగించింది. ఆ పందెంలో ఒక మహిళ ఆధిక్యంలోకి రావడం అదే మొదలు. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ముఖచిత్రం మీదికి ఆమె ఎక్కింది. ఆ రోజు నిజానికి గెలిచినవాడు ఇంగ్లండ్‌కు చెందిన డాన్ వెల్డన్. 500 మైళ్ల పందెం అసలు గెలిచింది నేనే అనే అర్థంలో రాసి ఉన్న చొక్కా వేసుకుని అతను తరువాతి పందేనికి వచ్చాడు. నవ్వుతూ చేసిన పనే అయినా, లీగ్ పెద్దలకు అందులో రెండు పాఠాలున్నాయి. జనానికి ముఖం తెలిస్తే వారు వస్తారన్నది ఒకటి. గెలిచినవాడి ముఖాన్ని కూడా తాము జనానికి పరిచయం చేయలేకపోయారన్నది రెండోది.

సైమన్స్ పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. కారు గురించి, ఇంజన్ గురించి చెప్పడం మాని డ్రైవర్లను వీరులుగా చూపించాలన్నది ఆయన ఆలోచన. ‘ఐ యామ్ ఇండీ’ అనే నినాదం పుట్టింది, అదే పేరుతో ఒక పాటను ఆయన మరొక సంగీతకారుడితో కలిసి తయారుచేశారు. ఇంగ్లిష్ చెవికి ‘ఇండీ’ అన్న మాటలో ఇండియానాపోలిస్‌తోపాటు స్వతంత్రం అన్న అర్థం కూడా వినిపిస్తుంది. స్టాండులో కూర్చున్న ప్రేక్షకుడు సైతం ‘నేనే ఇండీ’ అని అనుకోవాలి. ఆరేడేళ్లు ఎవరికీ దక్కకుండా పడి ఉన్న పేరును తీసి ప్రతి ఒక్కరి నోటా పెట్టాలనుకోవడం తెలివైన పనేనని నేను ఈనాటికీ అంటాను.

మరి తేడా ఎక్కడ వచ్చింది? కిస్‌లో అమ్ముడుపోయినది ముఖం కాదు, ముఖం మీది రంగు. అంతరిక్షవాసి వేషం వేసిన ఏస్ ఫ్రేలీ వెళ్లిపోయాక అదే రంగు పూసుకుని టామీ థేయర్ వచ్చాడు. పిల్లి వేషం పీటర్ క్రిస్ నుంచి ఎరిక్ సింగర్‌కు మారింది. బృందం ఆగలేదు. పైకి చూస్తే రేసు డ్రైవరు కూడా అలాంటివాడే. హెల్మెట్ కింద ముఖం దాగి ఉంటుంది, ఒంటి నిండా ప్రకటనలు ఉంటాయి, ఒకరి కారులో మరొకరు కూర్చోవచ్చు. కానీ స్టాండులో ఉన్నవాడి గుండె కొట్టుకునేది ఆ హెల్మెట్ లోపల ఫలానా మనిషి ఉన్నాడని తెలిసినప్పుడే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. ట్రాఫిక్ ఆంక్షలు గుర్తున్నవారు నాకు ఎందరో కనిపించారు గానీ, గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ పేరు చెప్పినవారు పెద్దగా తారసపడలేదు. మనిషి తెలియకపోతే పందెం ఒక చప్పుడుగా మిగిలిపోతుంది.

ఆ తేడా ప్రచారం మొదలైన సీజన్ తొలి రోజునే దారుణంగా బయటపడింది. 2006 మార్చి 26న ఫ్లోరిడాలోని హోమ్‌స్టెడ్‌లో, పందేనికి ముందు ఉదయం జరిగిన వార్మప్‌లో, అదుపు తప్పి ఆగుతున్న మరో కారును ఢీకొని పాల్ డేనా మరణించాడు. అతని వయసు 30 ఏళ్లు. సహచరులైన డానికా ప్యాట్రిక్, బడ్డీ రైస్ ఆ రోజు పందెం నుంచి తప్పుకున్నారు. పందెం జరిగింది, వెల్డన్ గెలిచాడు. కొత్త నినాదం జనం చెవిన పడకముందే లీగ్ వార్తల్లోకి ఎక్కింది ఆ మరణంతోనే.

డేనా గురించి నేను మరికొంత చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో నాకు అందరికన్నా దగ్గరగా అనిపించే మనిషి అతనే. జర్నలిజం చదివి, మోటర్ పందేల గురించి రాస్తూ, తనే డ్రైవరు కావాలని పట్టుబట్టినవాడు. డబ్బున్న కుటుంబాల పిల్లలతో, చిన్నప్పటి నుంచి గో-కార్టులనే చిన్న పందెం బండ్లు నడిపినవారితో పోటీపడాలంటే స్పాన్సరును తానే వెతుక్కోవాలి. అతను ఇథనాల్ ఉత్పత్తిదారుల దగ్గరికి వెళ్లి, మీ ఇంధనం వేగానికి పనికొస్తుందని చూపించడానికి పందెం కన్నా మంచి వేదిక లేదని ఒప్పించాడు. అదే ప్రతిపాదనను లీగ్ ముందుకూ తీసుకువెళ్లాడు. 2006లో లీగ్ కార్లన్నీ 10 శాతం ఇథనాల్ కలిపిన ఇంధనంతో నడిచాయి, 2007లో పూర్తి ఇథనాల్‌కు మారాయి. ఇథనాల్‌కు ముడిసరుకైన మొక్కజొన్న పండించే ఇండియానా రైతుకు ఆ పందెంతో ఒక సంబంధం ఏర్పడింది. ‘నేనే ఇండీ’ అని ఆ రైతు అనుకోవడానికి పాట కన్నా ఆ ఇంధనమే బలమైన కారణమని నేను అనుకుంటున్నాను. దాన్ని తెచ్చినవాడు మాత్రం కార్లు ఇథనాల్‌తో నడిచిన తొలి పందెం రోజునే కన్నుమూశాడు.

రెండు నెలల తరువాత ఇండియానాపోలిస్‌లో జరిగిన పందేనికి ఏ ప్రకటనా అవసరం లేకపోయింది. 19 ఏళ్ల మార్కో ఆండ్రెట్టి తన తండ్రి మైకేల్‌ను దాటి ముందుకు వచ్చాడు. తాత మారియో 1969లో గెలిచాక ఆ కుటుంబానికి మళ్లీ అందని పందెం అది. గీత దాటడానికి కొన్ని వందల అడుగుల ముందు సామ్ హార్నిష్ జూనియర్ అతన్ని దాటేసి, 0.0635 సెకన్ల తేడాతో గెలిచాడు. మూడో స్థానంలో వచ్చిన మైకేల్ ముఖం, కొడుకు ముఖం పక్కపక్కనే చూసినవారికి మూడు తరాల కథంతా అర్థమైంది.

‘ఐ యామ్ ఇండీ’ ప్రచారం తరువాత పెద్దగా వినబడకుండా సద్దుమణిగింది. 2007లో లీగ్ డ్రైవరు ఎలియో కాస్ట్రోనెవెస్ ‘డాన్సింగ్ విత్ ద స్టార్స్’ అనే టీవీ పోటీలో గెలిచి, హెల్మెట్ తీసి నవ్వే తన ముఖాన్ని రేసులు చూడని ఇళ్లకు కూడా పరిచయం చేశాడు. 2008 ఫిబ్రవరిలో చాంప్ కార్‌తో విలీనం కుదిరి, పన్నెండేళ్ల చీలిక ముగిసింది. అసలు మందు అదే. అది మార్కెటింగ్ సంస్థ చేతిలో ఎన్నడూ లేదు, రాజీ పడాల్సిన యజమానుల చేతిలో ఉంది.

కొత్త ఆకర్షణల కోసం వెతుకులాట మాత్రం ఆగలేదు. 2011 అక్టోబరులో లాస్ వేగస్‌లో జరిగిన ఆ సీజన్ చివరి పందేనికి, అందరికన్నా వెనుక నుంచి బయలుదేరి గెలిస్తే 50 లక్షల డాలర్ల బహుమతి అని ప్రకటించారు. అందులో సగం ఒక అభిమానికి దక్కుతుంది. బయటి డ్రైవర్ల కోసం అనుకున్న ఆ అవకాశం చివరికి వెల్డన్‌కు వచ్చింది. ఆ ఏడాది అతనికి శాశ్వతమైన జట్టు లేదు, అయినా మే నెలలో ఇండియానాపోలిస్‌లో చివరి మలుపులో ముందున్న కారు గోడను తాకడంతో రెండోసారి విజేత అయ్యాడు. లాస్ వేగస్‌లో 34 కార్లలో చివరి కారుగా బయలుదేరాడు. 11వ ల్యాప్‌లో 15 కార్లు చిక్కుకున్న ప్రమాదంలో ప్రాణాలు కోల్పోయాడు. ప్రమాదానికి ఆ బహుమతే కారణమని నేను అనడం లేదు, చిన్న ఓవల్ ట్రాక్ మీద అన్ని కార్లను అంత వేగంతో గుంపుగా నడిపించడం గురించి నిపుణులు విడిగా మాట్లాడారు. కానీ ఆ పథకం గురించి చదివిన ప్రతిసారీ నాకు మనసు బరువెక్కుతుంది.

ఇండియానాపోలిస్ విజేతకు ఇచ్చే బోర్గ్ వార్నర్ ట్రోఫీ వెండితో చేసినది. 1936లో మొదలైన ఆ ట్రోఫీ మీద ప్రతి ఏడాది విజేత పేరుతోపాటు అతని ముఖాన్ని కూడా ఉబ్బెత్తుగా చెక్కించి అతికిస్తారు. హెల్మెట్ ఉండదు, రంగు ఉండదు. 2005 వద్ద వెల్డన్ ముఖం ఉంది. దాని పక్కనే 2006 వద్ద హార్నిష్ ముఖం ఉంది. మరి కొన్ని ముఖాల తరువాత, 2011 వద్ద, మళ్లీ వెల్డన్ ఉన్నాడు.