చెత్త పడవకు కిరాయి ఎవరిస్తారు?

తమ్ముడు: అక్కా, కొత్తగా పెళ్లయినవాళ్ల ఫొటోలు చూస్తే సగం మాల్దీవులవే. ఆ నీలం నీళ్ల వెనక చెత్త గొడవుంది అన్నావు?

అక్క: తిలఫుషి పేరు విన్నావా? మాల్దీవుల రాజధాని మాలేకి పడమరగా ఆరేడు కిలోమీటర్లు. అది పుట్టుకతో దీవి కాదురా. పగడపు దిబ్బల మధ్య లోతులేని నీళ్లలో 1992 నుంచి చెత్త పోసి, పైన ఇసుక కప్పుతూ పోతే తేలింది.

తమ్ముడు: బాబోయ్!

అక్క: పూడ్చేదానికన్నా వచ్చేది ఎక్కువయ్యాక తగలబెట్టారు. ఏళ్లపాటు ఆ పొగ మాలే దాకా కనిపించేది. 2021లో ఆ మంట ఆపారు. రోజుకు 500 టన్నులతో కరెంటు తీసే ప్లాంటుకు ఆసియా అభివృద్ధి బ్యాంకు కొంత అప్పు, కొంత గ్రాంటు ఇచ్చింది.

తమ్ముడు: ఇంకేం, తీరిపోయినట్టేగా?

అక్క: మాలేకి సరే. జనం ఉండే దీవులు 180కి పైనే. కొన్నిటిలో వెయ్యి మంది కూడా ఉండరు. అక్కడి చెత్త తిలఫుషి చేరాలంటే పడవ కావాలి, డీజిల్ కావాలి, సముద్రం సహకరించాలి. నన్నడిగితే దీవుల్లో చెత్త విధానమంటే సగం పడవ కిరాయి లెక్కే.

తమ్ముడు: ఎవరిస్తారు మరి?

అక్క: టూరిస్టులు. గ్రీన్ ట్యాక్స్ అని 2015లో రిసార్టుల్లో తలకి, రాత్రికి 6 డాలర్లతో మొదలెట్టారు. 2025 జనవరి నుంచి 12.

తమ్ముడు: ఇద్దరికి నాలుగు రాత్రులంటే 96 డాలర్లు! ప్యాకేజీ కొనేటప్పుడు ఎవడు చూస్తాడిది?

అక్క: చూసినా సణగకూడదులే. కానీ డబ్బుందని అన్నీ పడవెక్కించడం దండగ. అక్కడ ఆడవాళ్లు పొద్దున్నే వీధులు ఊడుస్తారు. పోగయ్యేది ఆకులూ, కొబ్బరి మట్టలే ఎక్కువ. ఇసుక జల్లించి కంపోస్టు చేస్తే, సారంలేని ఆ పగడపు నేలకి అంతకన్నా ఏం కావాలి? ఉకుల్హాస్ దీవి ముందే మేలుకుంది. అక్కడ చెత్తని ఇంట్లోనే వేరుచేయాలి, ఇంటికింత రుసుము కట్టాలి.

తమ్ముడు: ప్లాస్టిక్ సంగతి?

అక్క: స్ట్రాలు, పల్చటి క్యారీ బ్యాగుల దిగుమతి 2021 జూన్‌లో ఆపేశారు. దాదాపు అన్నీ ఓడల్లోనే వస్తాయి కాబట్టి రేవులో పట్టుకోవచ్చు. మన దగ్గర పక్క జిల్లా నుంచి లారీలో దిగిపోతాయి!

తమ్ముడు: డైపర్లు?

అక్క: కుళ్లవు, పాత సామాన్లవాడూ కొనడు. నిషేధిద్దామంటే పసిపిల్లల తల్లులతో ఎవడు పెట్టుకుంటాడు? అవి మాత్రం పడవెక్కాల్సిందే.