పెన్నుల షాపులో గంటన్నర: ఈసారి రివ్యూ వస్తువుకి కాదు, దుకాణానికి

అందరికీ నమస్కారం. ఈ పెన్ను చూశారా? దీని గురించి రెండు మాటలే చెప్తాను. బాగా రాస్తుంది, ఇంకు కారదు. ఈ వీడియోలో నేను అసలు మాట్లాడాలనుకున్నది దీన్ని అమ్మిన చోటు గురించి.

ఇంకు పెన్నులు మాత్రమే అమ్మే చిన్న షాపు. లోపల ముగ్గురుంటే నాలుగో మనిషి గుమ్మం దగ్గర ఆగాలి. వేరే పని మీద వెళ్తూ, అద్దంలోంచి రంగురంగుల ఇంకు సీసాలు కనిపిస్తే ఆగిపోయాను. కొనాలన్న ఆలోచనే లేదు.

లోపలికి వెళ్తే ఎవరూ మీదికి రాలేదు. కౌంటర్ వెనకున్నాయన తలెత్తి, నవ్వి, మళ్లీ తన పనిలో పడ్డారు. ఆ మొదటి నిమిషం నాకు చాలా ముఖ్యం. కొత్త చోట కళ్లు కుదురుకోవాలి కదా. అంతకుముందు ఒక పెద్ద షోరూంలో సేల్స్ అబ్బాయి ప్రతి ర్యాక్ దగ్గరికీ నా వెనకే నడిచాడు. పాపం, అతని టార్గెట్ల టెన్షన్ అతనిది. నేను మాత్రం ఐదు నిమిషాల్లో బయటికి వచ్చేశాను.

కొనకపోయినా చూసి వెళ్లొచ్చు అనే ఈ స్వేచ్ఛ ఎప్పుడూ ఉన్నది కాదు. పారిస్‌లోని ల బాన్ మార్షే అనే దుకాణంలో 1852లో భాగస్వామిగా చేరిన అరిస్తీడ్ బుసికో, ధర ముందే రాసి పెట్టడం, నచ్చకపోతే వస్తువు వెనక్కి తీసుకోవడం లాంటి పద్ధతుల మీదే ఆ దుకాణాన్ని పెంచారు. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో, సరుకులు మనమే తీసుకునే పిగ్లీ విగ్లీ అనే కొట్టు తెరిచేదాకా అక్కడ సరుకుల కొట్టుకి వెళ్తే కౌంటర్ ఇవతలే నిలబడాలి, గుమాస్తా తీసి ఇవ్వాలి. బుట్ట మన చేతికొచ్చింది ఆ తర్వాతే.

సరే, షాపులోకి వద్దాం. ఒక పెన్ను చూపించి అడిగాను. ఆయన ధర చెప్పలేదు. కాగితం ముందు పెట్టి, "నాలుగు లైన్లు రాయండి, మీ పేరు మాత్రం వద్దు" అన్నారు. పేరైతే సంతకంలా గబగబా గీసేస్తాం, అసలు చేతిరాత బయటపడదట! నేను రాస్తున్నంతసేపూ ఆయన అక్షరాల్ని చూడలేదు, నా చేతిని చూశారు.

చివరికి, "ఇది మీకు వద్దండీ" అన్నారు. బాల్ పెన్ను అలవాటు వల్ల నేను నొక్కి రాస్తున్నాను, ఆ మెత్తటి బంగారు పాళీ నా చేతిలో విచ్చుకుపోతుంది. అందుకని అంతకంటే చాలా తక్కువ ధరలో, గట్టి స్టీలు పాళీ ఉన్న ఈ పెన్ను తీసి ఇచ్చారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. జపాన్ పాళీ, యూరప్ పాళీ రెండిటి మీదా 'ఫైన్', అంటే సన్నం అనే ఉన్నా, జపాన్ కంపెనీలవి సాధారణంగా యూరప్ వాటికంటే సన్నగా రాస్తాయి. డబ్బా మీది అక్షరం చూసి కొంటే ఈ తేడా ఎలా తెలుస్తుంది?

అక్కడున్నవి కొద్ది పెన్నులే. కానీ ప్రతిదాంతోనూ ఆయన రాసి చూశారు, నచ్చనివి పెట్టలేదు. నాకు మంచి దుకాణం అంటే అదే: నాకంటే ముందు ఒక మనిషి శ్రద్ధగా ఏరి పెట్టిన చోటు. టోక్యోలోని గింజాలో 2015లో మొదలైన మోరియోకా షోతెన్ అనే పుస్తకాల షాపు దీన్ని చివరంటా తీసుకెళ్లింది. వారానికి ఒకటే పుస్తకం పెడతారు, చుట్టూ దానికి సంబంధించిన బొమ్మలో, వస్తువులో ఉంటాయి. వేల పుస్తకాల మధ్య తిరగడం నాకూ ఇష్టమే, కానీ ఆ ధైర్యం చూస్తే ముచ్చటేస్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కూర్చోవడానికి స్టూలు కూడా లేదు, పెద్దవాళ్లకి కష్టం. పసుపు లైటు కింద ఇంకు రంగు సరిగ్గా తెలియదు, నేను కాగితం పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి చూసుకున్నాను. ఈ రెండిటికీ ఒక మార్కు తీసేసి, పదికి తొమ్మిది ఇస్తున్నాను.

ఇదిగో, ఇది మా నాన్నగారి పాత పెన్ను. ఏళ్ల తరబడి ఇంకు ఎండిపోయి ఉంది. వేడినీళ్లు పొయ్యొద్దు, మామూలు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి, అప్పటికీ రాయకపోతే తీసుకురండి అన్నారాయన. పొద్దున్న చూస్తే గ్లాసులో నీళ్లు నీలంగా మారాయి, పెన్ను మాత్రం ఇంకా రాయట్లేదు. శనివారం పట్టుకెళ్తున్నాను.