నల్లాకాడి దెయ్యం

పిల్లలూ, వాళ్లను దింపడానికి వచ్చిన అమ్మలూ నాన్నలూ, పెద్ద తరగతుల అన్నలూ, అందరికీ నమస్కారం.

గురుకులాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు నన్ను. 1971లో పి.వి. నరసింహారావు గారి చొరవతో సర్వేలులో మొదటి గురుకులం తెరిచారు. మరుసటి ఏడాది తాడికొండలో, కొడిగెనహళ్లిలో వచ్చాయి. మిగతా చరిత్ర మీ సోషల్ సారు బాగా చెప్తారు. ఇవాళ సాయంత్రం మీవాళ్లు బస్సెక్కి వెళ్లాక, రాత్రి లైట్లు తీసేశాక, మీకు చరిత్ర గుర్తుకు రాదు. దెయ్యం గుర్తుకొస్తుంది. అందుకని నేను దాని సంగతే చెప్తాను.

నేను అయిదో తరగతిలో చేరింది 1993 జూన్‌లో, మరో గురుకులంలో. నా వెంట ఒక ఆకుపచ్చ సందూక. దాని మూత మీద మా మేనమామ తెల్ల రంగుతో నా పేరు రాశాడు. చివరి అక్షరానికి చోటు చాలక అది పక్కకు వంగి, కిందికి జారింది. నాయన వెళ్లిపోయాక ఆ సందూక మీదే కూర్చుని పొద్దుగూకిందాకా ఏడ్చాను.

ఆ రాత్రి ఎనిమిదో తరగతి అన్నలు వచ్చి చింతచెట్టు దెయ్యం కథ చెప్పి పోయారు. మాకు ఆ కథలు కొత్త కాదు. మా ఊళ్లో అప్పట్లో ఏ తలుపు చూసినా బొగ్గుతోనో సుద్దతోనో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి ఉండేది. అది రాత్రిపూట మనకు తెలిసినవాళ్ల గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందట. పలికితే అంతే. తలుపు మీది రాత చూసిందంటే, సరే రేపొద్దామని వెళ్లిపోతుందట. మర్నాడు వచ్చినా అదే రాత. చదువొచ్చిన దెయ్యం కాబట్టి ఊరు బతికింది.

అందరూ పడుకున్నాక, ఏ జామైందో తెలియదు, నా మంచం కాళ్ల దగ్గర ఎవరో నా పేరు పెట్టి పిలిచారు. మెల్లగా, ఒక్కసారే.

ఆ గదిలో ముప్పై మందిమి. అంతా ఆ పొద్దున వచ్చినవాళ్లమే. ఒకరి పేరు ఒకరికి తెలియదు. మరి నా పేరు ఎవరికి తెలిసినట్టు? చద్దరు నిండా కప్పుకుని, ఆంజనేయ దండకం ఒక్క ముక్కా గుర్తుకు రాక, తలుపు మీది మాటే నోటితో అన్నాను: "రేపు రా."

గొంతు ఆగిపోయింది.

తెల్లవారుజామున నీళ్ల హౌజు దగ్గర నల్లా తిప్పిన చప్పుడైంది. కిటికీలోంచి చూసిన ఒకడు, తెల్లటిదేదో ఊగుతోందన్నాడు. టిఫిన్ వేళకల్లా బడంతా 'నల్లాకాడి దెయ్యం' పుట్టేసింది.

రెండో రాత్రి కూడా పిలిచింది. "రేపు రా" అన్నాను. పోయింది. పొద్దున మళ్లీ నల్లా చప్పుడు.

మూడో రాత్రి పిలిచినప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది. గట్టిగానే అన్నాను, "రేపు రా!" అని.

"రేపటిదాంక ఆగదురా!" అంది దెయ్యం, ఏడుపు గొంతుతో. "ఒంటికి పోవాలె. తోడు రావా?"

చద్దరు తీసి చూస్తే పక్క వరస పిల్లవాడు, రెండు కాళ్లూ దగ్గరికి పెట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరం చేతులు పట్టుకుని చీకట్లో నడిచాం. "నా పేరెట్ల తెలుసురా నీకు?" అని అడిగాను. "నీ సందూక మీద ఉంది గద" అన్నాడు.

తిరిగొస్తుంటే బియ్యం గది గోడ మీద ఒక తెల్లటి మొహం బుస కొట్టింది. రెక్కల చప్పుడన్నది లేకుండా మా తలల మీదుగా వెళ్లిపోయింది. ఇద్దరం ఒకే మంచం మీద తెల్లవార్లూ కూర్చున్నాం. మర్నాడు సైన్సు సారుకు చెబితే బియ్యం గది వెనక్కి తీసుకెళ్లాడు. వెంటిలేటర్ కింద బూడిదరంగు ఉండలు పడి ఉన్నాయి. ఒకటి తీసి అగ్గిపుల్లతో విప్పాడు. లోపల బొచ్చు, సన్నటి ఎముకలు, గోరంత దవడ, దానికి నారింజ రంగు పళ్లు. ఎలుకవి. తెల్ల గుడ్లగూబ ఎలుకను అమాంతం మింగి, అరగనిదంతా ఇలా ఉండచేసి కక్కేస్తుందనీ, దాని రెక్కల అంచు మెత్తటి కుచ్చులా ఉంటుంది కాబట్టి చప్పుడు రాదనీ ఆయన చెప్తుంటే, మొదటిసారి ఆ బడి నాకు నచ్చింది. ఆ దవడను అగ్గిపెట్టెలో పెట్టి ఏడాది దాచుకున్నాను.

మరి నల్లాకాడి దెయ్యం ఎవరు?

అది వాడే. నేను "రేపు రా" అన్న రెండు రాత్రులూ ఒంటరిగా బయటికి వెళ్లే ధైర్యం లేక, పక్క తడుపుకున్నాడు. ఎవరూ లేవకముందే వెళ్లి చద్దరు పిండుకుని తీగ మీద ఆరేశాడు. నాతో చెప్పినప్పుడు నేల చూస్తూ చెప్పాడు. తోడు దొరికాక కూడా ఆ ఏడాది అప్పుడప్పుడూ జరిగేది.

అమ్మలూ నాన్నలూ, మీకొక మాట. పదేళ్ల పిల్లల్లో నూటికి అయిదుగురి దాకా ఇది ఉంటుంది. ఈ ఏడాది మనకొచ్చింది 80 మంది, అంటే నలుగురి దాకా ఉండొచ్చు. తిడితే తగ్గేది కాదు, ఎక్కువమందికి వయసుతోపాటు దానంతటదే పోతుంది. మీవాడికి ఉంటే సిగ్గుపడకుండా నా చెవిలో వేసి వెళ్లండి.

ఆ రోజు నేనేం చేశానో చెప్తాను. అన్నలు నల్లా దెయ్యం ఎవరో పట్టుకోవాలని కాపలా కాద్దామనుకున్నారు. నేను వెళ్లి, "నేను చూసిన అన్నా, జుట్టు విరబోసుకుంది, కాళ్లు వెనక్కున్నయి" అని ఒట్టేసి చెప్పాను. ఒక్కరూ అటు పోలేదు. పదో తరగతి దాకా ఆ దెయ్యాన్ని మేమిద్దరం కాపాడుకున్నాం. మొన్న వాడికి ఫోన్ చేసి, ఈ సంగతి చెప్పనా అని అడిగాను. "చెప్పురా, పోరగాళ్లకు పనికొస్తది" అన్నాడు.

పెద్ద తరగతుల అన్నలూ, మన హౌజు దగ్గర కూడా నల్లా ఉంది. ఈ వారంలో ఏ తెల్లవారుజామునో అక్కడ నీళ్ల చప్పుడు వినబడవచ్చు. అటు పోకండి. దాని పని దాన్ని చేసుకోనివ్వండి.