గ్రీకుల పరలోకం: చచ్చినా తీరని అవసరాలు

(తెర మీద: సముద్రపు ఒడ్డు, పొగమంచు, నేల మీద చిన్న గొయ్యి)

మూరెడు పొడవు, మూరెడు వెడల్పు. గొయ్యి అంతే. ట్రాయ్ యుద్ధం నుంచి ఇంటికి తిరిగెళ్తున్న గ్రీకు వీరుడు ఒడిస్సియస్ దాన్ని తన కత్తితోనే తవ్వాడు. అందులో ముందు తేనె కలిపిన పాలు పోశాడు, తర్వాత తియ్యటి వైను, ఆ తర్వాత నీళ్ళు. పైన బార్లీ పిండి చల్లాడు. చివరికి ఒక పొట్టేలునీ ఒక నల్ల గొర్రెనీ గొంతు కోసి, ఆ నెత్తురంతా గొయ్యిలోకి పారనిచ్చాడు.

అంతే, చచ్చినవాళ్ళు లేచి వచ్చేశారు. కొత్త పెళ్ళికూతుళ్ళు, పెళ్ళికాని కుర్రాళ్ళు, కష్టాలన్నీ చూసిన ముసలివాళ్ళు, నెత్తుటి కవచాలు ఇంకా విప్పని సైనికులు. గుంపులు గుంపులుగా, వింత వింత అరుపులతో గొయ్యి చుట్టూ మూగారు. వాళ్ళకి ఆ నెత్తురు కావాలి. ఒడిస్సియస్ కత్తి దూసి అడ్డంగా కూర్చున్నాడు, జోస్యుడు టైరీసియస్ వచ్చి తాగేదాకా ఇంకెవరినీ దగ్గరికి రానివ్వకుండా.

ఇది గ్రీకు కవి హోమర్ కావ్యం ఒడిస్సీ, పదకొండో భాగం. గ్రీకుల పరలోకం గురించి మనకి దొరికే అతి పాత వర్ణనల్లో ఇదొకటి. నన్నడిగితే దీని తర్వాత వచ్చినవాటిలో దీన్ని కొట్టేది లేదు.

మనకి నరకం అనగానే యమధర్మరాజు కొలువు, చిత్రగుప్తుడి చిట్టా, సలసల కాగే నూనె గుర్తొస్తాయి. అవి మనసులో పెట్టుకుని హోమర్ చూపించే హేడీస్ అనే చచ్చినవాళ్ళ లోకానికి వెళితే ఏమీ దొరకదు. అక్కడ మైనాస్ అనే న్యాయాధిపతి ఉన్నాడు నిజమే, కానీ ఆయన చేసేది చనిపోయినవాళ్ళు తమలో తాము పడే తగాదాలు తీర్చడం. మీరు బతికుండగా ఏం చేశారని ఆయన అడగడు. మంచివాడూ చెడ్డవాడూ అందరూ ఒకే చీకట్లోకి పోతారు, నీడల్లా తిరుగుతారు. కొండ మీదికి బండ దొర్లించే సిసిఫస్, నీళ్ళలో నిలబడి కూడా గుక్కెడు తాగలేని టాంటలస్ ఉన్నారు కదా అంటారేమో. వాళ్ళు నేరుగా దేవుళ్ళతోనే పేచీ పెట్టుకున్నవాళ్ళు. ఊళ్ళో మామూలు దొంగకి అంత సీను లేదు.

స్వర్గం లాంటిది అసలు లేదా? ఉంది. ఎలీసియం అని, మంచు కురవని, చల్లటి పడమటి గాలి వీచే మైదానం. స్పార్టా రాజు మెనెలాయస్‌కి అక్కడ సీటు ఖాయమని ఒడిస్సీలోనే ఉంది. కారణం? ఆయన హెలెన్ మొగుడు, అంటే జ్యూస్ దేవుడికి అల్లుడు. పుణ్యం గురించి ఒక్క ముక్క లేదు. పలుకుబడి అక్కడా పనిచేస్తుందన్నమాట.

మరి ట్రాయ్ యుద్ధంలో అందరికంటే గొప్ప వీరుడు అకిలీస్ సంగతి? చనిపోయినవాళ్ళలో కూడా నువ్వు రాజువే కదా అని ఒడిస్సియస్ ఓదార్చబోతే, ఆయన చిరాకు పడతాడు. ఇక్కడ చచ్చినవాళ్ళందరినీ ఏలడం కంటే, పైన సొంత భూమి కూడా లేని పేదవాడి దగ్గర కూలికి పనిచేయడం నయం అంటాడు. కీర్తి కోసం చిన్న వయసులో చావుని ఎంచుకున్నవాడు అన్న మాట ఇది.

(తెర మీద: పుర్రెల కొండలు, మంటలు వద్దు. ఖాళీ సమాధి రాయి చాలు)

గ్రీకు చనిపోయినవాళ్ళకి శిక్షల కంటే పెద్ద బాధ లోటు. ఒంట్లో బలం ఉండదు, నెత్తురు తాగితే తప్ప జ్ఞాపకం రాదు. ఒడిస్సియస్ సొంత తల్లి ఆంటిక్లియా ఎదురుగా కూర్చుని కూడా కొడుకుని గుర్తుపట్టలేదు, ఆ నెత్తురు తాగేదాకా. తాగాక గుర్తుపట్టింది, నీ మీద బెంగతోనే పోయాను నాయనా అంది. మూడుసార్లు కౌగిలించుకోబోయాడు. మూడుసార్లూ చేతుల్లోంచి కలలా జారిపోయింది.

కాబట్టి వాళ్ళకి ఏం కావాలన్నా బతికున్నవాళ్ళే ఇవ్వాలి. మొట్టమొదటి అవసరం అంత్యక్రియలు. ఆ గొయ్యి దగ్గరికి అందరికంటే ముందు వచ్చింది ఎల్పెనోర్ అనే కుర్రాడు. తప్పతాగి మేడ మీద పడుకుని, లేచే హడావిడిలో మెట్ల సంగతి మరిచి కిందపడి మెడ విరిగి చచ్చాడు. మిగతావాళ్ళు శవాన్ని అక్కడే వదిలేసి ఓడెక్కేశారు. నన్ను నా ఆయుధాలతో దహనం చేయండి, సముద్రపు ఒడ్డున దిబ్బ వేసి, దాని మీద నేను వేసిన తెడ్డు పాతండి అని అడుగుతాడు. వీరుడేం కాదు, అడిగిందీ పెద్దదేం కాదు.

ఇది కావ్యంలో మాటే అనుకోకండి. క్రీ.పూ. 406లో ఆర్గినూసె దగ్గర సముద్ర యుద్ధంలో ఏథెన్స్ గెలిచింది. కానీ తుఫాను వల్ల, మునిగిన ఓడల్లోని మనుషులనీ తేలుతున్న శవాలనీ ఒడ్డుకి చేర్చలేకపోయారు. గెలిచొచ్చిన సేనాపతులకి దండలు వేయాల్సింది పోయి విచారణ పెట్టారు. ఎనిమిది మందికి మరణశిక్ష వేసి, ఊళ్ళో దొరికిన ఆరుగురిని చంపేశారు. ఇది చట్టానికి విరుద్ధం అని ఆ రోజు అడ్డుపడ్డవాళ్ళలో సోక్రటీస్ ఒకడు.

రెండో అవసరం బట్టలు. గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ చెప్పే ఈ కథ కాస్త భయంకరంగా ఉంటుంది. కోరింథ్ నియంత పెరియాండర్, ఒక స్నేహితుడు దాచిన సొమ్ము ఎక్కడుందో తెలియక, చనిపోయిన భార్య మెలిస్సాని అడిగి రమ్మని మనుషుల్ని పంపాడు. ఎక్కడికి? వాయవ్య గ్రీసులో అకెరాన్ నది దగ్గర, చచ్చినవాళ్ళతో మాట్లాడించే చోటికి. అకెరాన్ అంటే కథల్లో పాతాళపు నది, మ్యాపులో నిజంగానే ఉన్న నది. మెలిస్సా వచ్చింది కానీ చెప్పనంది. నాకు చలేస్తోంది, ఒంటి మీద బట్టల్లేవు, నాతో పాతిపెట్టిన బట్టలు కాల్చలేదు కాబట్టి నాకు చేరలేదు అంది. పెరియాండర్ ఊళ్ళో ఆడవాళ్ళందరినీ హేరా గుడికి రమ్మన్నాడు. పండగనుకుని ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. యజమానురాళ్ళు, బానిసలు అని చూడకుండా అందరి ఒంటి మీది బట్టలూ భటుల చేత ఒలిపించి, గోతిలో పోసి మెలిస్సా పేరు మీద తగలబెట్టించాడు. రెండోసారి అడిగితే సొమ్ము ఎక్కడుందో చెప్పింది. ఇంతకీ ఆమెని చంపింది కూడా ఈయనే అని హెరొడొటస్ ఇంకోచోట చెబుతాడు.

(తెర మీద: తెల్లటి పూత మీద సన్నటి గీతలతో బొమ్మలున్న పొడుగాటి మట్టి కూజా)

దీని పేరు లెకిథోస్. సమాధి దగ్గర పెట్టే నూనె కూజా. క్రీ.పూ. ఐదో శతాబ్దపు ఏథెన్స్‌లో వీటిని తెల్లపూతతో చేసేవాళ్ళు. ఆ పూత ఇట్టే పెచ్చులూడిపోతుంది, ఇంట్లో వాడకానికి పనికిరాదు. కొన్నింటి లోపల, మెడ కింద, ఇంకో బుల్లి గిన్నె అతికించి ఉంటుంది. కూజా నిండా పోసినట్టు కనిపిస్తుంది, నిజానికి పట్టేది ఆ గిన్నెడు నూనే. ఖరీదైన నూనె మరి. తాతగారికి తెలుస్తుందా ఏమిటి అనుకుని ఉంటారు! ప్రేమ లేక కాదు లెండి, నెలాఖరు వాళ్ళకీ ఉంటుంది.

ఆ కూజాల మీదే కేరన్ కనిపిస్తాడు, చచ్చినవాళ్ళని పాతాళానికి దాటించే పడవవాడు. హోమర్‌లో ఈయన జాడే లేదు, తర్వాత వచ్చి చేరాడు. కూలి ఒక ఓబొల్ నాణెం, శవం నోట్లో పెట్టేవాళ్ళు. నిపుణుడైన పనివాడి రోజుకూలి ఒక డ్రాక్మా అయితే, అందులో ఆరో వంతు. తవ్వకాల్లో నాణేలు దొరికిన సమాధులు ఉన్నాయి, అసలేమీ లేనివీ బోలెడున్నాయి. క్రీ.పూ. 405లో అరిస్టోఫనీస్ రాసిన ‘కప్పలు’ నాటకంలో రేటు రెండు ఓబొల్‌లకి పెరిగింది. పడవెక్కిన డయోనైసస్ దేవుడి చేతే కేరన్ తెడ్డు వేయిస్తాడు. వెంట ఉన్న బానిసని మాత్రం ఎక్కించుకోడు, సముద్ర యుద్ధంలో పోరాడితేనే అంటాడు, చెరువు చుట్టూ నడిచి రమ్మంటాడు. ఏ యుద్ధమో తెలిసిందిగా? ఆర్గినూసెలో తెడ్లు వేసిన బానిసలకి ఏథెన్స్ స్వేచ్ఛ ఇచ్చింది. సేనాపతుల్ని చంపిన కొద్ది నెలలకే ఈ జోకు.

ఇలా బతికున్నవాళ్ళ దయ మీద ఆధారపడటం నచ్చనివాళ్ళు ముందే ఏర్పాటు చేసుకోవడం మొదలుపెట్టారు. ఏథెన్స్‌కి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఎల్యూసిస్ ఉంది. డిమీటర్, పెర్సెఫొనీ దేవతల రహస్య దీక్ష అక్కడ. గ్రీకు మాట్లాడగలిగి, చేతికి హత్య అంటని ఎవరైనా చేరొచ్చు, ఆడవాళ్ళూ బానిసలూ కూడా. లోపల చూసింది బయట చెప్పకూడదు, నిజంగానే ఎవరూ పూర్తిగా చెప్పలేదు. దీక్ష తీసుకున్నవాళ్ళకి చచ్చాక మంచి జరుగుతుందని నమ్మకం. తత్వవేత్త డయోజెనీస్ మాత్రం ఊరుకోలేదు: దీక్ష తీసుకున్న పటైకియన్ అనే దొంగకి, తీసుకోని మహావీరుడు ఎపమినాండస్ కంటే మంచి గతి పడుతుందా అని అడిగాడు. ఇప్పటికీ మంచి ప్రశ్నే.

ఇంకొందరు దారి రాసుకునే వెళ్ళారు. దక్షిణ ఇటలీలోని హిప్పోనియన్‌లో, 1969లో, ఒక స్త్రీ సమాధిలో మడత పెట్టిన బంగారు రేకు దొరికింది. విప్పితే అగ్గిపెట్టె అంత. సుమారు క్రీ.పూ. 400 నాటిది. దాని మీద పదహారు పంక్తుల సూచనలు: కుడివైపు ఒక ఊట, పక్కన తెల్లగా మెరిసే సైప్రస్ చెట్టు కనిపిస్తాయి. ఆత్మలన్నీ అక్కడే సేదతీరుతుంటాయి. నువ్వు మాత్రం దాని దరిదాపుల్లోకి పోవద్దు. ముందుకెళితే జ్ఞాపకాల సరస్సు నుంచి చల్లటి నీళ్ళు వస్తుంటాయి. కాపలావాళ్ళు ఎవరని అడిగితే, భూమికీ నక్షత్రాల ఆకాశానికీ బిడ్డని, దాహంతో నోరెండిపోయి చచ్చిపోతున్నాను, త్వరగా నీళ్ళివ్వండి అని చెప్పు.

చూశారా, ఇక్కడా దాహమే. కాకపోతే ఈమె పొట్టేలు నెత్తురు కోసం ఎవరి గొయ్యి దగ్గరా కాచుకోనక్కర్లేదు, చెప్పాల్సిన మాట చేతిలోనే ఉంది. ప్లేటో తన ‘రిపబ్లిక్’ చివర్లో చెప్పే కథలో మళ్ళీ పుట్టబోయే ఆత్మలన్నీ మరుపు మైదానంలో నది నీళ్ళు కొలత ప్రకారం తాగాలి. బుద్ధి తక్కువైనవాళ్ళు కొలత దాటి తాగేస్తారట.

ఇన్ని ఇచ్చాక బతికున్నవాళ్ళు ఊరికే ఉంటారా? చచ్చినవాళ్ళ చేత పనులు కూడా చేయించుకున్నారు. కిట్టనివాడి పేరు సీసపు రేకు మీద గీకి, వయసు తీరకుండా పోయినవాళ్ళ సమాధిలో దోపేవాళ్ళు, పాతాళానికి చేరవేయమని. ఏథెన్స్ కెరమైకోస్ శ్మశానంలో ఒక బుల్లి సీసపు శవపేటిక దొరికింది. అందులో చేతులు వెనక్కి విరిచి కట్టిన సీసపు బొమ్మ, కాలి మీద మ్నెసిమాకస్ అని పేరు. కోర్టు కేసు వ్యవహారం. మూత మీద ఇంకొందరి పేర్లు వరసగా రాసి, ఎవరినైనా మరిచిపోయామేమోనని చివర ఇంకో ముక్క చేర్చారు: వీళ్ళ తరఫున వాదించేవాళ్ళు, సాక్షులు ఇంకెవరైనా ఉంటే వాళ్ళు కూడా.